పేలుడు పదార్థాల సున్నితత్వ పరీక్షలు, వాటి వెనక లెక్కలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పేలుడు పదార్థాలు, బాణసంచా మిశ్రమాలు, మండే పొడులతో పనిచేసేవాళ్లు టెస్ట్ రిపోర్టు చేతికి రాగానే అడిగే సందేహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. అందుకే వాటన్నిటినీ ఒకచోట చేర్చాను. చాలామంది తడబడేది ఒకే చోట. రిపోర్టులో ఒక అంకె కనిపిస్తుంది, దానికి కింద ఉంటే సేఫ్, పైకి వెళ్తే ప్రమాదం అనుకుంటారు. పదార్థంలో అలాంటి గీత ఏదీ లేదు. ఉన్నది సంభావ్యత మాత్రమే. ఏ ప్రశ్ననైనా విడిగా చదువుకోవచ్చు.

## పరీక్షకు ముందు

సున్నితత్వం అంటే అసలు ఏం కొలుస్తున్నట్టు?

ఎంత దెబ్బ తగిలితే, ఎంత రాపిడి జరిగితే, ఎంత నిప్పురవ్వ పడితే ఆ పదార్థం పేలే అవకాశం ఎంత అన్నదే సున్నితత్వం. పేలితే ఎంత నష్టం చేస్తుందనేది పూర్తిగా వేరే విషయం. శక్తి తక్కువైనా చిన్న రాపిడికే అంటుకునే మిశ్రమాలున్నాయి. శక్తి చాలా ఎక్కువైనా సుత్తి దెబ్బకు సులభంగా లొంగని టీఎన్‌టీ లాంటివీ ఉన్నాయి. షెడ్‌లో చేత్తో పనిచేసే మనిషికి ముందుగా తెలియాల్సింది సున్నితత్వమే, ప్రమాదం మొదలయ్యేది అక్కడే కాబట్టి.

ద్రవీభవన స్థానంలా దీనికీ ఒక కచ్చితమైన అంకె ఎందుకు ఇవ్వరు?

ఒకే సీసాలోంచి తీసిన రెండు చిటికెల పొడి కూడా ఒకేలా ఉండదు. గింజల సైజు, వాటి అంచులు, మధ్యలో చిక్కుకున్న గాలి, తేమ, పొడి పరుచుకున్న తీరు అన్నీ మారుతుంటాయి. దెబ్బ పడ్డప్పుడు పేలుడు పదార్థమంతటా ఒకేసారి పుట్టదు. కొన్ని చిన్న బిందువుల దగ్గర వేడి పోగై అక్కడ మొదలవుతుంది. ఆ బిందువులు ఏర్పడటంలో యాదృచ్ఛికత ఉంది. అందుకే 25 సెంటీమీటర్ల ఎత్తు నుంచి బరువు వదిలితే ఒక శాంపిల్ పేలుతుంది, దాని పక్కది పేలదు. ఎత్తు పెరిగేకొద్దీ పేలే వంతు సున్నా నుంచి నూరు శాతం వైపు వంపు తిరుగుతూ పెరుగుతుంది. ఆ వంపుకు మధ్య బిందువు ఒకటి, వెడల్పు ఒకటి ఉంటాయి. మధ్య బిందువు అంటే సగం శాంపిళ్లు పేలే స్థాయి. వెడల్పును సిగ్మా అంటారు. రిపోర్టులో ఈ రెండూ ఉంటేనే సమాచారం ఉన్నట్టు.

పేలని శాంపిల్‌ను ఇంకొంచెం ఎత్తు నుంచి మళ్లీ కొట్టొచ్చు కదా, ఎందుకు పారేస్తారు?

కొట్టకూడదు. మొదటి దెబ్బకే అది మారిపోయి ఉంటుంది. గింజలు నలిగి ఉంటాయి, పొడి అణిగి గట్టిపడి ఉంటుంది, కొంత పక్కకు చిమ్మి ఉంటుంది. అది ఎక్కువ సున్నితం అయిందో తక్కువ అయిందో మనకు తెలియదు. పైగా గణాంక పద్ధతులన్నీ ఒక్కో శాంపిల్ ఒక్క దెబ్బే తిన్నదనే షరతు మీద నిలబడ్డాయి. కొట్టిన శాంపిల్‌ను మళ్లీ వాడితే లెక్క పైకి బాగానే కనిపిస్తుంది, అర్థం మాత్రం ఉండదు.

దెబ్బ పరీక్ష ఒకటి చేయించాం. అది చాలదా?

చాలదు. దెబ్బకు మొండిగా ఉండే మిశ్రమం రాపిడికి వెంటనే అంటుకోవచ్చు. క్లోరేట్, గంధకం కలిసిన మిశ్రమాలంటే బాణసంచా పనివాళ్లు భయపడేది ఎక్కువగా రాపిడికే. దెబ్బ, రాపిడి, స్థిర విద్యుత్ రవ్వ, వేడి, ఈ నాలుగింటినీ విడివిడిగా చూడాలి. మీ ప్లాంటులో ఆ పదార్థానికి నిజంగా ఏ రకం తాకిడి ఎదురవుతుందో ముందు రాసుకోండి: జల్లెడ పట్టడమా, స్క్రూ బిగించడమా, ప్లాస్టిక్ సంచిలోంచి ఒంపడమా. పరీక్షల జాబితా దానంతటదే తేలుతుంది.

ఎత్తుల మధ్య తేడా ఎంత పెట్టాలి? అందరూ లాగరిథమ్ స్కేలే ఎందుకు వాడతారు?

పేలుడు ఎత్తుల పంపిణీ మామూలు సెంటీమీటర్లలో ఒకవైపు సాగినట్టు ఉంటుంది, సున్నా కిందకు పోలేదు. లాగరిథమ్ తీసుకుంటే అది నార్మల్ పంపిణీకి, అంటే రెండు వైపులా సమానంగా ఉండే గంట ఆకారపు వంపుకు, దగ్గరవుతుంది. 20, 25.1, 31.6, 39.8 సెంటీమీటర్ల ఎత్తులు లాగ్‌లో 1.3, 1.4, 1.5, 1.6 అవుతాయి, అంటే తేడా సమానంగా 0.1. మెట్టు సైజు సిగ్మాలో సగం నుంచి రెండింతల మధ్య ఉండేలా చూసుకోవాలి. మెట్టు మరీ పెద్దదైతే కింద ఏదీ పేలదు, పైన అన్నీ పేలతాయి, మధ్యలో ఏముందో కనిపించదు. మరీ చిన్నదైతే మెట్టు మెట్టుగా సరైన ఎత్తుకు చేరేలోపే శాంపిళ్లన్నీ అయిపోతాయి. సిగ్మా ముందే తెలియదు కదా అంటే, నిజమే. పాత లాట్ల (ఒక్కో విడతలో తయారైన సరుకు) రికార్డులు, అదే కుటుంబంలోని పదార్థాల విలువలు ఇక్కడే పనికొస్తాయి.

## పరీక్ష నడుస్తున్నప్పుడు

"పేలింది" అని ఎవరు, ఎలా తేలుస్తారు? చప్పుడు వినబడితే చాలా?

ఈ రంగంలో అతి పెద్ద తేడాలు పుట్టేది ఇక్కడే. ఫాల్ హ్యామర్ (శాంపిల్ మీదకి పైనుంచి బరువు వదిలే యంత్రం) దగ్గర నిలబడి చూస్తే విషయం అర్థమవుతుంది. ఒక్కోసారి గదంతా మోగే శబ్దం వస్తుంది, సందేహమే ఉండదు. ఒక్కోసారి బరువు ఇనుము మీద పడ్డ చప్పుడే వినిపిస్తుంది. తీసి చూస్తే శాంపిల్ కింద పెట్టిన సాండ్ పేపర్ మీద చిన్న నల్లటి మరక, కొంచెం ఘాటు వాసన. దాన్ని పేలుడు అనాలా, వద్దా?

ఐక్యరాజ్యసమితి రవాణా పరీక్షల మాన్యువల్‌లో బీఏఎం (జర్మనీలోని పదార్థాల పరీక్ష సంస్థ) ఫాల్ హ్యామర్‌కు మూడు మాటలున్నాయి: చర్య లేదు, విఘటనం, పేలుడు. రంగు మారడం, వాసన రావడం విఘటనం కిందకు వస్తాయి. శబ్దం వచ్చినా మంట వచ్చినా పేలుడు కింద రాస్తారు. కొన్ని ల్యాబుల్లో మైక్రోఫోన్ పెట్టి ఇన్ని డెసిబెళ్లు దాటితేనే పేలుడని లెక్కేస్తారు. ఇంకొన్ని చోట్ల కాలిన ఆనవాలు ఏది కనిపించినా పేలుడే. ఏ నియమం పెట్టుకున్నా ఫరవాలేదు, అది మొదటి షాట్‌కు (ఒక్కో దెబ్బను షాట్ అంటారు) ముందే కాగితం మీద ఉండాలి, చివరి షాట్ వరకూ మారకూడదు. నియమం మారితే 50 శాతం ఎత్తు కూడా మారుతుంది. అందుకే రెండు ల్యాబుల అంకెల్ని నేరుగా పోల్చకూడదు.

బ్రూస్టన్ పద్ధతి అంటే ఏమిటి?

పేలితే తర్వాతి షాట్ ఒక మెట్టు కిందకి, పేలకపోతే ఒక మెట్టు పైకి. అంతే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం బ్రూస్టన్‌లో ఉన్న పేలుడు పదార్థాల ల్యాబ్‌లో ఇది స్థిరపడింది కాబట్టి ఆ పేరు. దాని గణితాన్ని డిక్సన్, మూడ్ 1948లో ప్రచురించారు. షాట్లు తమంతట తామే 50 శాతం స్థాయి చుట్టూ చేరిపోవడం దీని బలం. కాగితం, పెన్ను ఉంటే సరిపోతుంది, అందుకే ఇన్నేళ్లయినా పోలేదు. బలహీనత కూడా అక్కడే ఉంది. షాట్లన్నీ మధ్యలోనే పడతాయి కనుక మధ్య బిందువు బాగా తెలుస్తుంది, సిగ్మా అంత బాగా తెలియదు. తక్కువ షాట్లతో చేస్తే సిగ్మా ఉన్నదానికంటే చిన్నగా రావడం మామూలే.

మా ల్యాబ్‌వాళ్లు లాంగ్లీ, నేయర్ అంటున్నారు. తేడా ఏమిటి?

1962 నాటి లాంగ్లీ పద్ధతిలో స్థిరమైన మెట్టు ఉండదు. పై హద్దు, కింది హద్దు ముందే చెప్పాలి. పేలినవీ పేలనివీ సమతూకంలోకి వచ్చేంతవరకు వెనక్కి లెక్కబెట్టి, ఆ స్థాయికీ ఇప్పటి స్థాయికీ మధ్యలో తర్వాతి షాట్ వేస్తారు.

1994లో వచ్చిన నేయర్ పద్ధతికి కంప్యూటర్ కావాలి. మొదట సగం సగం చేసుకుంటూ పేలే ప్రాంతాన్ని వెతుకుతుంది. తర్వాత పేలినవీ పేలనివీ ఒకదాని పరిధిలోకి మరొకటి చొచ్చుకునే చోటు పట్టుకుంటుంది. అప్పటినుంచి ప్రతి షాట్ తర్వాతా మధ్య బిందువు, సిగ్మా మళ్లీ లెక్కగట్టి, ఎక్కడ కొడితే ఎక్కువ సమాచారం వస్తుందో అక్కడికి వెళ్తుంది. నార్మల్ పంపిణీకి ఆ చోట్లు మధ్య బిందువుకు అటూ ఇటూ సుమారు 1.14 సిగ్మాల దూరంలో ఉంటాయి. 2014లో వూ, టియాన్ ఇచ్చిన మూడు దశల పద్ధతి దీన్ని ఇంకొంచెం ముందుకు తీసుకెళ్లింది.

శాంపిల్ ఖరీదైనదైనా, సిగ్మా ముందు తెలియకపోయినా నేయర్ పద్ధతే అడగండి. రోజూ లాట్ల తనిఖీకి బ్రూస్టన్ సరిపోతుంది.

మధ్యలో రెండు షాట్లు వింతగా వచ్చాయి. తీసేసి లెక్క కట్టొచ్చా?

యంత్రం తప్పు చేసిందని రాతపూర్వక కారణం ఉంటే తీసేయొచ్చు: బరువు గైడ్‌లో తట్టుకుంది, శాంపిల్ సరిగా కూర్చోలేదు, ఇలాంటివి. ఫలితం నచ్చలేదు అనేది కారణం కాదు. తక్కువ ఎత్తులో పేలిన ఆ ఒక్క షాటే మనకు కావాల్సిన అసలు కబురు కావచ్చు.

## లెక్కల దగ్గర

చేత్తో లెక్క ఎలా కడతారో ఒక ఉదాహరణతో చెప్పండి.

2.5 కిలోల బరువుతో బ్రూస్టన్ పద్ధతిలో 20 షాట్లు కొట్టామనుకుందాం. ఇవి ఉదాహరణ కోసం నేను రాసిన అంకెలు, ఏ పదార్థానివీ కావు.

20.0 సెం.మీ.: పేలినవి 0, పేలనివి 2
25.1 సెం.మీ.: పేలినవి 2, పేలనివి 6
31.6 సెం.మీ.: పేలినవి 6, పేలనివి 2
39.8 సెం.మీ.: పేలినవి 2, పేలనివి 0

పేలినవి, పేలనివి రెండింటిలో ఏవి తక్కువుంటే వాటినే తీసుకోవాలి. ఇక్కడ రెండూ పదే, పేలనివి తీసుకుందాం. వాటిలో అట్టడుగు మెట్టుకు 0, తర్వాతి వాటికి 1, 2 అని నంబర్లు. ఒక్కో మెట్టు నంబరును అక్కడి సంఖ్యతో గుణించి కూడితే 0 + 6 + 4 = 10. నంబరు వర్గంతో గుణించి కూడితే 0 + 6 + 8 = 14.

మధ్య బిందువు: అడుగు మెట్టు 1.3, దానికి మెట్టు సైజు 0.1 ను (10/10 + 0.5) తో గుణించి కలపాలి. వచ్చేది 1.45, అంటే 28.2 సెంటీమీటర్లు. పేలినవాటితో కడితే 0.5 ను కలపడానికి బదులు తీసేయాలి. ఇక్కడ అలా చేసినా 1.45 వస్తుంది. శక్తిలో చెప్పాలంటే 2.5 × 9.81 × 0.282, సుమారు 6.9 జూళ్లు.

సిగ్మా: ముందు (10 × 14 − 10²) / 10² = 0.4. ఇది 0.3 కంటే ఎక్కువ ఉంటేనే సూత్రం చెల్లుతుంది. అప్పుడు 1.62 × 0.1 × (0.4 + 0.029) = 0.0695, లాగ్ యూనిట్లలో.

ఈ చేతి లెక్క పాతకాలపు సౌకర్యం. ఇవాళ అదే డేటాను గరిష్ఠ సంభావ్యత పద్ధతిలో (డేటాకు అన్నిటికంటే బాగా సరిపోయే మధ్య బిందువు, సిగ్మాలను వెతికే పద్ధతి) కంప్యూటర్‌తో కడితే మేలు, మెట్లు సమానంగా లేకపోయినా పనిచేస్తుంది.

సాఫ్ట్‌వేర్ సిగ్మా సున్నా అని చూపిస్తోంది. మా పదార్థం అంత కచ్చితమైనదా?

కాదు. మీ డేటాలో అతివ్యాప్తి లేదని దాని అర్థం. పేలిన అతి తక్కువ ఎత్తు, పేలని అతి ఎక్కువ ఎత్తు కంటే పైనే ఉండిపోయింది. అలాంటప్పుడు ఆ రెండిటి మధ్య ఎక్కడ గీత గీసినా డేటాకు సరిపోతుంది కాబట్టి గణితం సిగ్మాను సున్నాకి నెట్టేస్తుంది. నిజంగా తేలింది ఏమిటంటే, సిగ్మా గురించి ఇంకా ఏమీ తెలియలేదు. చిన్న మెట్లతో ఆ ఖాళీలో మరికొన్ని షాట్లు కొట్టించండి. సున్నా సిగ్మాను రిపోర్టులో ఒప్పుకోవద్దు.

ప్రాబిట్ వాడాలా, లాజిట్ వాడాలా?

50 శాతం స్థాయి కావాలంటే ఏదైనా ఒకటే, తేడా కనిపించదు. 1934లో బ్లిస్ పురుగుమందుల మోతాదుల కోసం ప్రతిపాదించిన ప్రాబిట్ నార్మల్ పంపిణీ మీద నడుస్తుంది, పేలుడు పదార్థాల రంగంలో అదే అలవాటు. లాజిట్ లాజిస్టిక్ అనే మరో పంపిణీ మీద నడుస్తుంది. కానీ వంపు తోక దగ్గర, అంటే పేలే అవకాశం చాలా తక్కువుండే చోట, కథ మారుతుంది. లాగ్ స్కేల్‌లో మధ్య బిందువు 1.45, సిగ్మా 0.0695 అనుకోండి. పది లక్షల్లో ఒకసారి పేలే ఎత్తు ప్రాబిట్ ప్రకారం 13.2 సెంటీమీటర్లు. అదే మధ్య బిందువు, అదే సిగ్మా లాజిట్‌లో పెడితే 8.3 సెంటీమీటర్లు. రెండు గణిత నమూనాలూ 20 షాట్ల డేటాకు సమానంగానే సరిపోతాయి, ఏది నిజమో ఆ డేటా చెప్పలేదు.

## ఫలితం చేతికొచ్చాక

ఆరుసార్లు కొట్టారు, ఒక్కసారి కూడా పేలలేదు. సేఫే కదా?

ఈ ప్రశ్న అడిగిన ప్రతిసారీ నాకు టెన్షన్ పుడుతుంది, ఎందుకంటే దీని మీదే ఎవరో ఒకరు పొడి చేత్తో పట్టుకుంటారు.

ఆరింటిలో సున్నా వచ్చిందంటే, 95 శాతం నమ్మకంతో చెప్పగలిగింది ఇంతే: ఆ స్థాయిలో పేలే సంభావ్యత 39 శాతం మించదు. ఎలాగంటే, సంభావ్యత 0.39 అయితే వరసగా ఆరుసార్లు పేలకపోవడానికి అవకాశం 0.61 ను ఆరుసార్లు గుణిస్తే వచ్చేది, సుమారు 5 శాతం. ఇంకో వైపు నుంచి చూడండి. నిజంగా పదింటిలో ఒకసారి పేలే పదార్థం ఆరు షాట్లూ తప్పించుకోవడానికి 53 శాతం అవకాశం ఉంది.

మరి ఐక్యరాజ్యసమితి మాన్యువల్ ఆరు షాట్లే ఎందుకు పెట్టింది? అక్కడి పని వర్గీకరణ. ఆరింటిలో కనీసం ఒకటి పేలే అతి తక్కువ శక్తి 2 జూళ్లు లేదా అంతకంటే తక్కువైతే, ఆ రూపంలో ఆ పదార్థాన్ని రవాణా చేయకూడదు. రాపిడికి ఆ హద్దు 80 న్యూటన్లు, అంతకంటే తక్కువ బరువుకే పేలితే రవాణాకు పనికిరాదు. అన్ని దేశాల్లో ఒకే కొలతతో పదార్థాల్ని విడదీయడానికి అది బాగా పనిచేస్తుంది. మీ షెడ్‌లో రోజుకు వందలసార్లు జరిగే తాకిడికి అది హామీ కాదు.

షాట్లు పెంచితే హద్దు తగ్గుతుంది: 20లో సున్నా అయితే 14 శాతం, 59లో సున్నా అయితే 5 శాతం, 299లో సున్నా అయితే 1 శాతం. గుర్తుకు సులువైన లెక్క, షాట్లు కాస్త ఎక్కువున్నప్పుడు 3 ను షాట్ల సంఖ్యతో భాగించడమే.

పాత లాట్‌కు 28 సెంటీమీటర్లు, కొత్త లాట్‌కు 31 వచ్చింది. కొత్తది మెరుగైనట్టేనా?

ఒక్కో లాట్‌కు 20 షాట్లే కొట్టి, సిగ్మా లాగ్‌లో 0.07 దగ్గర ఉంటే ఆ మాట అనలేం. ఒక్క లాట్ మధ్య బిందువుకే 95 శాతం హద్దులు సుమారు 25.5 నుంచి 31 సెంటీమీటర్ల దాకా ఉంటాయి. రెండు లాట్ల మధ్య తేడా 15 శాతం దాటితే గానీ గట్టిగా చెప్పడానికి లేదు. అదే రోజు, అదే ఆపరేటర్, అదే యంత్రంతో ఆర్‌డీఎక్స్ లాంటి తెలిసిన పదార్థాన్ని కూడా కొట్టి చూస్తే పోలిక కొంత గట్టిపడుతుంది.

50 శాతం ఎత్తులో సగం దాటకుండా చూసుకుంటే చాలు అంటున్నారు. నిజమా?

సిగ్మా తెలియకుండా ఆ మాటకు విలువ లేదు. 50 శాతం ఎత్తు 28 సెంటీమీటర్లే ఉన్న రెండు పదార్థాలు తీసుకోండి. లాగ్ సిగ్మా 0.07 ఉన్నదానికి పది లక్షల్లో ఒకటి స్థాయి 13 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. సిగ్మా 0.14 ఉన్నదానికి అది 6 సెంటీమీటర్లకు దిగిపోతుంది. రిపోర్టు మొదటి పేజీలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. పైగా సిగ్మాయే చిన్న పరీక్షల్లో సరిగా తెలియని అంకె. అందుకే 50 శాతం విలువను పదార్థాల్ని వరసలో పెట్టడానికి వాడండి, పని హద్దులు నిర్ణయించడానికి వాడొద్దు. హద్దులు కావాలంటే కింది ఎత్తుల్లోనే ఎక్కువ షాట్లు కొట్టించాలి. మనిషిని దూరం పెట్టడం, ఒకేసారి వాడే పరిమాణం తగ్గించడం లాంటి జాగ్రత్తలు లెక్క ఎంత బాగా వచ్చినా మానకూడదు.

మాది ఫార్మా యూనిట్, పేలుడు పదార్థాలు లేవు. ఇవన్నీ మాకెందుకు?

జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ ప్రాంతాల యూనిట్లలో ఎండబెట్టే, జల్లెడ పట్టే చాలా పొడులు గాల్లోకి లేస్తే మండుతాయి. వాటికి కనీస జ్వలన శక్తి (పొడిని అంటించగల అతి తక్కువ రవ్వ శక్తి) అనే పరీక్ష ఉంది. ఒక శక్తి దగ్గర వరసగా పదిసార్లు అంటుకోకపోతే అంటుకోలేదని రాస్తారు. పదింటిలో సున్నా అంటే 95 శాతం నమ్మకంతో చెప్పగలిగే పై హద్దు 26 శాతం. మనిషి ఒంటి మీద స్థిర విద్యుత్ సంగతి కూడా లెక్కేసుకోండి: 150 పికోఫారడ్ల కెపాసిటెన్స్‌కు 15 కిలోవోల్టులు ఎక్కితే సుమారు 17 మిల్లీజూళ్లు. మీ పొడి విలువ దానికి దగ్గర్లో ఉంటే "పాస్" అన్న ముక్క చూసి ఎర్తింగ్ విషయంలో సడలించకండి.

డిటొనేటర్లకు, రాకెట్ ఇగ్నైటర్లకు కూడా ఇవే పద్ధతులా?

అవే. శ్రీహరికోట నుంచి లేచే రాకెట్లలో దశలు విడిపోవడానికి పైరో పరికరాలు (చిన్న పేలుడుతో పనిచేసేవి) ఉంటాయి. అక్కడ రెండు ప్రశ్నలకు జవాబు కావాలి: ఇంత కరెంటు ఇస్తే తప్పకుండా పేలాలి, ఇంతలోపు అయితే పేలకూడదు. 99.9 శాతం విశ్వసనీయతను 95 శాతం నమ్మకంతో నేరుగా నిరూపించాలంటే ఒక్కటీ తప్పకుండా సుమారు 3000 పరికరాలు కాల్చాలి. అది కుదరదు కాబట్టే కొద్ది పరికరాలతో బ్రూస్టన్, నేయర్ పద్ధతుల్లో వంపు కనుక్కుని తోక వైపు పొడిగిస్తారు. ఆ పొడిగింపు నార్మల్ అనే ఊహ మీద ఆధారపడింది కాబట్టి, రిపోర్టులో ఆ ఊహను స్పష్టంగా రాయాలి.

ఈ పని మన దేశంలో ఎక్కడ జరుగుతుంది?

డీఆర్‌డీవోకు పుణేలో హై ఎనర్జీ మెటీరియల్స్ రీసెర్చ్ ల్యాబొరేటరీ ఉంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ డీఆర్‌డీవో తోడ్పాటుతో ఈ పదార్థాల మీద పరిశోధన జరుగుతోంది. పేలుడు పదార్థాల అనుమతులు చూసేది నాగ్‌పూర్ కేంద్రంగా పనిచేసే పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ).

రిపోర్టులో ఏమేం ఉండాలని ల్యాబ్‌ను అడగాలి?

50 శాతం విలువ ఒక్కటే ఇస్తే వెనక్కి పంపండి. ప్రతి షాట్ ఎత్తు, ఫలితం వరసగా కావాలి, ఎందుకంటే అది ఉంటే మీరైనా మరొకరైనా లెక్క మళ్లీ కట్టుకోవచ్చు. సిగ్మా, రెండిటికీ నమ్మక హద్దులు, ఏ పద్ధతి, ఏ పంపిణీ వాడారో రాయమనండి. పేలుడుగా దేన్ని లెక్కేశారు, బరువు ఎంత, కింద సాండ్ పేపర్ ఉందా లేదా, ఒక్కో శాంపిల్ ఎన్ని మిల్లీగ్రాములు, గింజల సైజు, తేమ, గది ఉష్ణోగ్రత కూడా కావాలి. పక్కనే కొట్టిన రిఫరెన్స్ పదార్థం విలువ తప్పనిసరి. పరీక్షకు పంపిన శాంపిల్, మీ షెడ్‌లో వాడే పదార్థం ఒకే రూపంలో ఉన్నాయో లేదో మాత్రం మీరే చూసుకోవాలి. తడిపి పంపిన పొడి రిపోర్టు, ఎండిన పొడికి వర్తించదు.